గజము ధర

పెరుగుచున్న బజారులో స్థలము కొన్నవాడు కొంత ఎక్కువ పెట్టినను నష్టపడడన్న మాట, ఈనాడు పటాన్‌చెరు మొదలుకొని సంగారెడ్డి వరకు హైదరాబాదు–ముంబయి రహదారికి ఇరువైపుల నివసించువారిలో, ఋజువక్కరలేని సత్యముగా చెలామణి యగుచున్నది. కర్మాగారములో షిఫ్టు ముగించుకొని వచ్చు ఆపరేటరును, పింఛను పుచ్చుకొనుచున్న ఉపాధ్యాయుడును, ఎకరము అమ్మి అరగుంట కొనజూచు రైతును ఈ ఒక్క విషయమున ఏకాభిప్రాయులు. "రెండు వేలు ఎక్కువైతే ఏమాయె సార్, దసరాకు అదే వచ్చేస్తది" అని ఇస్నాపూర్ చౌరస్తాలో టీ త్రాగుచు మీడియేటరు చెప్పు మాటలో మోసముండవలసిన పనిలేదు. అతడును నమ్మియే చెప్పుచున్నాడు. తన తమ్మునిచేత అదే ధరకు కొనిపించియు నుండవచ్చును. ఇంతమంది నమ్మిన మాటను పూర్తిగా అసత్యమని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు; పూర్తిగా సత్యమని అంగీకరించుటకు లెక్క ఒప్పుకొనదు. ఈ రెంటి నడుమ నున్నదానిని తీరికగా విచారింపవలెనని చాలకాలముగా అనుకొనుచున్నాను.

ఈ నమ్మకము గాలిలో పుట్టినది కాదు. రామచంద్రాపురమున భెల్ కర్మాగారము 1960ల దశకమున యంత్రములు చేయ నారంభించినది. 1972లో ఇక్రిశాట్ సంస్థ మెట్టపంటల పరిశోధనకై పటాన్‌చెరు చెంత సుమారు 1,400 హెక్టార్ల క్షేత్రమును చేపట్టినది. 1980లో ఇందిరాగాంధీ మెదకు నియోజకవర్గము నుండి లోకసభకు ఎన్నికైన కాలమున పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములు పారిశ్రామికవాడలుగా విస్తరించెను. పాశమైలారమును ఆ వరుసలో చేరినది. పిదప రుద్రారమున గీతము విశ్వవిద్యాలయము వెలసినది. 2008లో యెద్దుమైలారమున తాత్కాలికముగా ఆరంభమైన ఐఐటీ కందికి చేరినది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ముత్తంగి కడ ముంబయి రహదారిని దాటిపోయినది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి పేర వేరు జిల్లా ఏర్పడినది. ఇట్లు ఒక్కొక్క తరమున ఒక్కొక్క నిర్మాణము వచ్చి, గజము ధరను ఒక మెట్టు పైకెత్తి, ఆ మెట్టుమీదనే నిలిపిపోయినది. ప్రతి మెట్టుకడను "ఇది చాల ఎక్కువ" అని వెనుదిరిగిన వివేకి కొన్నేండ్లకు తన వివేకమును నిందించుకొనెను. కన్ను మూసికొని కొన్నవాడు దూరదృష్టి గలవాడని పేరు పొందెను. ఒక ఊరు ఏబదియేండ్లు ఈ పాఠమునే నేర్చుకొనినప్పుడు, వేరొక పాఠము కలదని చెప్పువాని మాట చెవికెక్కకపోవుటలో ఆశ్చర్యము లేదు.

కాని ఈ చరిత్రను చెప్పువారెవరో గమనింపవలెను. మన కంటబడువారు నిలిచినవారు మాత్రమే. అప్పుచేసి కొని, మూడు నాలుగేండ్లకే కూతురి పెండ్లికో, ఆసుపత్రి ఖర్చుకో, మూతపడిన కర్మాగారపు జీతము లేని లోటు పూడ్చుకొనుటకో, ఆ స్థలమును కొన్న ధరకే, ఒక్కొక్కప్పుడు అంతకు తక్కువకే అమ్ముకొనినవారు చౌరస్తాలో కూర్చుండి తమ కథ చెప్పరు. వారు అద్దె ఇంటికో స్వగ్రామమునకో తరలిపోయిరి. నిలిచినవాని అనుభవమే ఊరి అనుభవమై, అదియే శాస్త్రమై కూర్చున్నది.

ఇక లెక్కకు వత్తము. మాటవరుసకు రెండువందల గజముల ప్లాటు ననుకొందము. న్యాయముగా గజము 20,000 రూపాయలు పలుకు చోట, తొందరచేతనో తెలియమిచేతనో ఒకడు 23,000 పెట్టెను. అదే వీధిలో మరొకడు నాలుగు వారములు ఓపికపట్టి 20,000కే కొనెను. మొదటివాడు ఇచ్చినది 46 లక్షలు, రెండవవాడు ఇచ్చినది 40 లక్షలు. కొన్నేండ్లకు ఆ వీధిలో గజము 40,000 అయినది. ఇద్దరి ప్లాట్లును ఇప్పుడు 80 లక్షలు. "చూడుము, నాకును రెట్టింపు దగ్గరకు వచ్చినది, ఎక్కువ పెట్టిన దానివలన ఏమాయెను?" అని మొదటివాడు సంతోషించును. అతని సంతోషమును భంగపరుచుట నాకిష్టము లేదు. అయినను అడుగక తప్పదు: పెరుగుదల నీ ఆరు లక్షలను తిరిగి యిచ్చెనా? ఈయలేదు. నేల తన్ను కొన్నవాడెంత యిచ్చెనో యెరుగదు; ఎక్కువ యిచ్చినవానికని అది విశేషముగా పెరుగదు. పెరుగుదల ఇద్దరికిని సమానముగా వచ్చినది. ఆరు లక్షల వ్యత్యాసము ఆనాడెట్లున్నదో ఈనాడు నట్లే యున్నది.

అట్లే యున్నదనుటయు సరికాదు; అది పెరిగినది. ఆ ఆరు లక్షలతో రెండవవాడు ఆ ధరకే మరి ముప్పది గజములు కొనియుండవచ్చును. నేడు వాని విలువ 12 లక్షలు. మొదటివాడు ఆ ఆరు లక్షలను బ్యాంకు ఋణముగా తెచ్చియుండెనా, నూటికి ఎనిమిదిన్నర వడ్డీ చొప్పున ఇరువదియేండ్ల వాయిదాలకు నెలకు 5,200 రూపాయల పైచిలుకు కట్టుచు, మొత్తము 12 లక్షల 50 వేలకు దగ్గరగా తీర్చును. ఎటు చూచినను ఆరు పన్నెండైనది. ఎక్కువ పెట్టిన ధరను పెరుగుచున్న బజారు కరిగించునని లోకము భావించుచుండగా, ఆ బజారు ఆ యెక్కువనే పెంచుచున్నది. కనబడకుండ కప్పుట మాత్రము నిజము. మన ప్రాంతపు నక్కవాగు నిండుగా పారునప్పుడు దానిలోని గుంత గట్టుమీది వానికి కానరాదు. గుంత పూడినదని ఎవ్వరు ననరు.

ఈ లెక్కకు ఎదురులెక్క లేకపోలేదు. దానిని దాచుట న్యాయము కాదు. నిజముగా ఏటికి నూటికి పదునైదు చొప్పున పెరుగు చోట, ఒక యేడు ఆగినవాడు 23,000 ఇచ్చియే కొనవలసివచ్చును. కావున నేడు మూడువేలు ఎక్కువ పెట్టుటయు, ఒక యేడు ఆగి న్యాయమైన ధరకు కొనుటయు ఇంచుమించు సమానమే. పిల్లలను బడిలో చేర్పించుకొని, తన ఉద్యోగము పాశమైలారములోనో పటాన్‌చెరులోనో స్థిరమని యెరిగి, తాను కట్టుకొని తానుండుటకే స్థలము చూచుకొనుచున్నవానికి, దొరకినది అదొక్కటే యైనప్పుడు, కొంత ఎక్కువ పెట్టుమని నేనును చెప్పుదును. కాని మన ఊళ్ళలో అడుగు ఓపిక ఏడాది ఓపిక కాదు. నెల ఓపిక, ఒక్కొక్కప్పుడు వారము ఓపిక మాత్రమే. కాగితములు చూచుకొనుటకు, ప్రక్క వెంచరులో ధర కనుగొనుటకు, ఇంటిలోనివారితో ఆలోచించుటకు ఆ మాత్రము వ్యవధి కావలెను. "రేపు పొద్దుగాల ఇంకో పార్టీ బయానా పట్టుకొస్తున్నది" అన్న ఒక్క మాటతో ఆ వారమును ఏడాదిగా కనబరుచుటయే బేరములోని నేర్పు. ఆ మాటకు లొంగి సంతకము చేసినవాడు చెల్లించునది భూమి ధర కాదు, భయము ధర.

పెరుగుదల ఆగినప్పుడు ఏమగునో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. కోకాపేటను చూతము. 2006–07 ప్రాంతమున హుడా (హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ) అచ్చటి భూములను వేలము వేయగా ఎకరము 14 కోట్ల రూపాయలు దాటినది. ఆ మాట విని నాడు రాష్ట్రమంతయు విస్తుపోయినది. పిమ్మట 2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభము వచ్చినది. 2009 జనవరి 7న సత్యం సంస్థ లెక్కల గుట్టు బయటపడినది. ఆ సంవత్సరము డిసెంబరు నుండి రాష్ట్ర భవిష్యత్తు ఏమగునో తెలియని కాలము మొదలై, 2014 వరకు భూముల బేరములు మందగించినవి. కోకాపేట భూముల హక్కుపై నడిచిన వ్యాజ్యములు సుప్రీంకోర్టు వరకు పోయినవి. తుదకు 2021 జూలైలో, హుడా స్థానమున వచ్చిన హెచ్ఎండీఏ అదే కోకాపేటలో వేలము వేయగా సగటున ఎకరము 40 కోట్లు, గరిష్ఠముగా 60 కోట్ల 20 లక్షలు పలికినది. 2023 ఆగస్టులో సగటు 73 కోట్లు దాటి, గరిష్ఠము 100 కోట్ల 75 లక్షలకు చేరినది. ఇది చూచి, "చూచితిరా, పదునాలుగు కోట్లు కారుచౌక" అనువారే అందరును. అయితే 14 కోట్లకు ఏటికి నూటికి పండ్రెండు చొప్పున చక్రవడ్డీ కట్టిచూచిన, 2007 నుండి 2021కి అది 68 కోట్లు దాటును, 2023కు 85 కోట్లు దాటును. అనగా ఆ పదునాలుగు కోట్ల ధరకు అప్పు తెచ్చి కొన్నవాడు, సగటు ధరకు అమ్మినచో, ఈ రెండు వేలముల నాడును వడ్డీకి వెనుకబడియే యుండెడివాడు. ధర అయిదింతలైనను ఎక్కువ పెట్టిన దోషము మాసిపోలేదు.

పెద్ద కంపెనీకి పదునారేండ్లు వేచియుండు శక్తి యుండవచ్చును. నెల జీతగానికి అది యుండదు. తుళ్ళూరు పరిసరములలో 2015 మొదలుకొని ఆంధ్రప్రదేశ్ రాజధాని పేర ఎక్కువ పెట్టి స్థలములు కొన్న చిన్న ఉద్యోగులు, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట శాసనసభలో వినబడినది మొదలు 2024 వేసవి వరకు, ఆ నాలుగున్నరేండ్లు ఎట్లు గడిపిరో వారికే తెలియును. తరువాత ధరలు తిరిగి లేచినవి నిజమే. లేచునాటికి ఎందరి చేత ఆ కాగితములు మిగిలియున్నవన్నదే నాకు ముఖ్యమైన ప్రశ్న. లోకములో ఇంతకంటె దీర్ఘమైన నిరీక్షణలును కలవు. జపానులో 1990ల ఆరంభమున శిఖరమందిన నేల ధరలు ఒక తరము గడచినను ఆ శిఖరమును మరల చేరలేదు. ఆమ్‌స్టర్‌డామ్ నగరమున హెరెన్‌గ్రాఖ్ట్ కాలువ గట్టునగల గృహముల విక్రయములను 1628 నుండి 1973 వరకు పరిశీలించిన పీట్ ఐకోల్ట్స్ అను ఆర్థికవేత్త, రూకల విలువ తరుగుదలను తీసివేసి చూడగా, మూడున్నర శతాబ్దములలో వాని విలువ సుమారు రెండింతలు మాత్రమే యైనదని కనుగొనెను. భూమి ఎన్నడును తగ్గదన్నది ఒక తరమువారి జ్ఞాపకము. అంతకు మించిన శాసన మేదియు లేదు.

ఎక్కువ పెట్టిన ధర మొట్టమొదట హరించునది లాభమును కాదు, ఓర్పును. నలుబది లక్షలకు కొన్నవాని చేత ఆరు లక్షలు మిగిలియుండును. ఉద్యోగము పోయినను, ఇంట జబ్బు వచ్చినను, ఆ ఆరు లక్షలు అతనిని ఏడాదియో రెండేండ్లో నిలబెట్టును. అంతలో బజారు మరల లేచును. నలుబదియారు లక్షలు పోసినవానికి ఆ నిలుకడ లేదు. అతడు మంచికాలములో తోటివానికంటె కొంచెమే వెనుకబడును, చెడ్డకాలములో మొత్తమే పడిపోవును. దీనికితోడు 2021 జూలై 22 నుండి మన రాష్ట్రమున స్టాంపు సుంకము, బదలాయింపు సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి నూటికి ఏడున్నర అయినవి; మీడియేటరు కమీషను వేరు. కొన్న మరునాడు అమ్మజూచినవానికి ఈ భారము గోడవలె అడ్డము నిలుచును. అవసరమునకు అమ్ముకొందమను ధైర్యముతో ఎక్కువ పెట్టువారు ఈ గోడను లెక్కలోనికి తీసికొనరు.

ఇస్నాపూర్‌కే వత్తము. ఇక్కడ గజము ధరలో నేటి విలువ కొంత, రేపటి ఆశ కొంత. 2023 జూలై 31న నాటి మంత్రివర్గము ఆమోదించిన మెట్రో విస్తరణలో మియాపూర్ నుండి ఇస్నాపూర్ దాకా మార్గమున్నది. ఆ వార్త వచ్చిన సాయంకాలమునకే చౌరస్తాలో మాట మారినది. మరుసటి యేడు రూపొందిన రెండవ దశ ప్రణాళికలో ఆ మార్గము 13.4 కిలోమీటర్లు నడచి పటాన్‌చెరుకడనే ఆగినది. రైలు ఇస్నాపూర్‌కు ఎన్నటికిని రాదని నేననను, రావలెననియే నా కోరికయు. కాని రాని రైలునకు టిక్కెట్టు ధరను గజములో కలిపి యిచ్చినవారికి ఆ సొమ్ము తిరిగి యిచ్చువారెవ్వరును లేరు.

ఆశకు ధర కట్టినంత సులభముగా మనవారు లోపమునకు ధర తగ్గింపరు. ఈ నేల క్రింది నీటి చరిత్ర అందరు నెరిగినదే: కర్మాగారముల వ్యర్థజలములు నక్కవాగులో కలిసి మంజీరవైపు సాగిన దుఃఖము, చెడిన పొలముల రైతుల మొర 1990లో సుప్రీంకోర్టు దాకా పోవుట, 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారము ప్రాంతమును తీవ్రకాలుష్య ప్రాంతముల పట్టికలో చేర్చుట. బోరు వేసి నీరు పరీక్షింపక ప్లాటు కొనుట ఇక్కడ సాహసము. కాగితముల సంగతియు నంతే. అనుమతిలేని లేఅవుటులోని ప్లాటు 2020 ఆగస్టు 26కు ముందు రిజిస్ట్రేషనైనదా, లేఅవుటు క్రమబద్ధీకరణ పథకమైన ఎల్ఆర్ఎస్‌కు దరఖాస్తు పెట్టిరా, లింకు డాక్యుమెంట్లు తెగకున్నవా, ఋణభారములను తెలుపు ఈసీలో ఏమున్నది, భూమి అసైన్డు పట్టా కాదుగదా అన్న ప్రశ్నలకు సమాధానము దొరకక ముందే గజము ధరను గూర్చి వాదించుటలో అర్థము లేదు. మంచి కాగితమునకు రెండువేలు ఎక్కువ పెట్టినవానిని నేను తప్పుపట్టను. చెడ్డ కాగితమునకు సగము ధర యిచ్చినవాడే ఈ బెల్టులో అందరికంటె ఎక్కువ పెట్టినవాడు.

ఎక్కువో తక్కువో తెలిసికొనుటకు నాకు నమ్మకమైన కొలబద్ద అద్దె. ఒడిశా నుండియు, బీహారు నుండియు, ఉత్తరప్రదేశ్ నుండియు వచ్చి పాశమైలారము కర్మాగారములలో పనిచేయు కార్మికులు రేకుల గదులలో నలుగురైదుగురు కలిసి యుండి ఇచ్చు అద్దెలో ఆశ లేదు, పుకారు లేదు. ఈ నెల ఈ గది తమకెంత ఉపయోగమో అంతే ఇత్తురు. అమ్మకపు ధర రెట్టింపైన చోట అద్దె నాలుగవ వంతైనను పెరుగలేదేని, ఆ తక్కిన పెరుగుదల ఊరి సంపద కాదు, ఊరి ఊహ. పై లెక్కలోని 46 లక్షల ప్లాటులో 30 లక్షలతో ఇల్లు కట్టి నెలకు 15,000 అద్దెకిచ్చినచో, పెట్టినదానిపై నూటికి రెండున్నరయైనను రాదు. బ్యాంకువారికి కట్టవలసినది ఎనిమిదిన్నర. ఈ ఆరు శాతము లోటును ఏటేట భూమి పెరుగుదలయే పూరింపవలెను. అది పూరించినన్నాళ్ళు సరియే.

ఇంతవరకు చెప్పినది కొన్నవాని లాభనష్టములను గూర్చి. నన్ను ఎక్కువగా బాధించునది వేరొకటి. ఒకడు ఎక్కువ పెట్టి కొన్న ధర అతనితో ఆగదు. మరునాటి ఉదయమునకు అదియే "రేటు" అగును. వెనుక వచ్చువాడు, అనగా కాంట్రాక్టు పనినుండి పర్మనెంటు అయిన కుర్రవాడు, కుట్టుమిషనుమీద పదేండ్లు చీటీ కట్టిన తల్లి, అక్కడినుండియే బేరము మొదలుపెట్టవలెను. ఆ ఎక్కువ సొమ్ము ఆ నేలను దున్నిన రైతునకు చేరియుండిన నాకింత చింత లేకపోవును. రైతు బయానా పుచ్చుకొని అగ్రిమెంటు వ్రాసినది మొదలు చివరివాడు రిజిస్ట్రేషను చేయించుకొనువరకు ఆ కాగితము ముగ్గురు నలుగురి చేతులు మారును; పెరిగిన ధర ఆ చేతులలోనే మిగులును. తాను తొందరపడుట తన స్వవిషయమని ప్రతి కొనుగోలుదారుడును అనుకొనుచున్నాడు. కాని వంద తొందరలు కలిసి ఒక ఊరి బిడ్డలను ఆ ఊరిలోనే అద్దెకుండువారిగా చేయుచున్నవి. తన ప్లాటు ధర పెరిగినదని సంతసించు తండ్రియే, కొడుకునకు ప్లాటు కొనవలసినప్పుడు అదే ధరకు తల పట్టుకొనుచున్నాడు. ఒక్క యిల్లు గలవానికి ఈ పెరుగుదల సంపద కాదు. అమ్మినను అతడు మరల ఇదే బజారులో కొనవలెను.

ఈ తొందరకు ముఖ్యకారణము అజ్ఞానమే; ఆ అజ్ఞానమునకు కారణము మనము. దస్తావేజులో వ్రాయునది చాలవరకు ప్రభుత్వ విలువ. చేతులు మారునది వేరు. సబ్ రిజిస్ట్రారు కచేరీలోని కాగితములన్నియు తిరుగవేసినను, నిరుడు ఫలానా వీధిలో గజము నిజముగా ఎంతకు పోయెనో తెలియదు. అసలు ధర నోటిమాటగానే బ్రతుకుచున్నది. అమ్మినవాడు దానిని పెంచి చెప్పును. కొన్నవాడు గొప్పకై పెంచియో, పన్నుకు వెరచి తగ్గించియో చెప్పును. మీడియేటరు తన కవసరమైనట్లు చెప్పును. ఇట్టి చీకటిలో ఏది ఎక్కువ, ఏది తక్కువ అని తేల్చుకొనుట కొత్తగా వచ్చినవానికి అసాధ్యము. అందుచేతనే "ఎంతైనా పెరుగుతది" అను మాటను ఊతకర్రగా పట్టుకొనును.

పెరుగుచున్న బజారులోనైనను ఎక్కువ పెట్టుట నష్టమే; ఇచ్చినవానికి కొంత, వాని వెనుక వచ్చువానికి అంతకంటె ఎక్కువ. దీనిని ప్రభుత్వము సరిదిద్దునని ఎదురుచూడనక్కరలేదు. ఈ రహదారి పొడవున స్థలము కొనియున్న ప్రతివారికిని నా మనవి యొక్కటే: మీ ప్రక్క ప్లాటు కొనవచ్చిన కుర్రవాడు మీరెంతకు కొన్నారని అడిగినప్పుడు, గొప్పకై పెంచక, భయముచేత తగ్గింపక, మీరిచ్చిన ధరను ఇచ్చినది ఇచ్చినట్లుగా అతనికి చెప్పుడు.